ఫ్రాన్స్ పల్లెటూళ్లు సినిమాల్లో చూపించినట్టే ఉంటాయా? అక్కడి రైతులు ఎలా బతుకుతారు?

మీరు సినిమాల్లో చూసే రాతి ఇళ్లు, లావెండర్ తోటలు దక్షిణాది ప్రోవాన్స్‌వి. నాకు తెలిసింది దానికి పూర్తిగా అటు చివర, ఉత్తరాన ఉన్న పికార్డీ. బోవేలో వ్యవసాయం చదువుకునేటప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం సోమ్ జిల్లాలో ఒక రైతు ఇంట్లో ఉన్నాను. ఆ తర్వాత కూడా కోతలప్పుడూ సెలవుల్లోనూ పనికి వెళ్తూ వచ్చాను. అల్బేర్‌కీ పెరోన్‌కీ మధ్య, గట్టిగా లెక్కపెడితే నూట ఎనభై మంది ఉండే ఊరది. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆ చుట్టుపక్కల సంగతే, దేశం మొత్తానికి వర్తిస్తుందని అనుకోకండి.

ముందే చెప్తున్నా, మొదటి చూపులో ఆ ఊరు మిమ్మల్ని నిరాశపరుస్తుంది. ఎర్ర ఇటుక ఇళ్లు, మబ్బు పట్టిన ఆకాశం, కంచెలూ గట్లూ లేకుండా కంటికి ఆనినంత మేర పొలాలు. రోడ్డు వైపు కొట్టాల గోడలు, వాటి మధ్య ట్రాక్టర్ పట్టేంత గేటు కనిపిస్తాయి. ఇల్లు మాత్రం లోపల వాకిలి దాటాక ఉంటుంది. ఊరి మధ్యలో చర్చి, దాని ఎదురుగా మేరీ, అంటే పంచాయతీ ఆఫీసు, ఆ పక్కన యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన స్తంభం. కొట్టు లేదు, హోటల్ లేదు. మధ్యాహ్నం రెండింటికి వీధిలో నడిస్తే కుక్క తప్ప ఎవరూ ఎదురుకారు. ఆ ఊరి పేరు మధ్యయుగాల రికార్డుల్లోనే ఉందట, కానీ ఊరంతా వెతికినా మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన గోడ ఒక్కటి కనిపించదు.

దానికి కారణం 1916. ఆ ఏడు జూలై 1 నుంచి నవంబర్ 18 దాకా అక్కడ జరిగింది సోమ్ యుద్ధం. బ్రిటన్-ఫ్రాన్స్ ఒకవైపు, జర్మనీ ఇంకోవైపు, రెండు పక్షాలవీ కలిపి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు పది లక్షలు దాటారు. మొదటి రోజే బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చచ్చిపోయారు. ముందు వరసలో పడ్డ ఊళ్లలో ఇళ్లు కూలాయని చెప్తే సరిపోదు, ఇటుకలు పొడైపోయాయి, ఊరు ఎక్కడుండేదో మట్టి రంగుని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక ప్రభుత్వం బాగా పాడైన నేలని రెడ్ జోన్‌గా గుర్తించింది, ఇక్కడ సేద్యం కాదు, అడవి వేసుకోవడమే అంది. పికార్డీ రైతులు వినలేదు. శరణార్థులుగా వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, సైన్యం వదిలేసిన రేకుల గుడిసెల్లో కాపురాలు పెట్టి, కందకాలు పూడ్చుకుంటూ దున్నడం మొదలుపెట్టారు. యుద్ధభూములు శుభ్రం చేయడంలో చైనా నుంచి తెచ్చిన కూలీలు పేలకుండా మిగిలిన షెల్స్, అంటే ఫిరంగి గుండ్లు ఏరారు. తర్వాత 1919 ఒప్పందం ప్రకారం పోలండ్ నుంచి కూలీలు వచ్చారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పోస్టు డబ్బాల మీద పోలిష్ ఇంటిపేర్లు కనిపిస్తాయి.

నష్టపరిహారం కోసం 1919 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. ఆ డబ్బుతో కట్టినవే నేను చెప్పిన ఎర్ర ఇళ్లు. అంతకు ముందు ఆ ప్రాంతంలో మట్టి, కర్ర, గడ్డి కలిపిన గోడలే ఎక్కువ. చర్చిలు కూడా చాలా చోట్ల కాంక్రీటుతో లేపారు. దూరదేశాల వాళ్లు కూడా తలో చెయ్యి వేశారు. అమియాన్‌కి తూర్పున విలేర్ బ్రెతొనూ ఊళ్లో స్కూలు ఆస్ట్రేలియాలోని విక్టోరియా పిల్లలు పోగుచేసిన డబ్బుతో కట్టారు, 1927లో మొదలైంది. ఆ ఆవరణలో ఆస్ట్రేలియాని మర్చిపోవద్దని ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఇదంతా పుస్తకంలో చదివితే పాత కథ. పొలంలో పనిచేస్తే మాత్రం రోజూ ఎదురయ్యే సంగతి. బంగాళాదుంపల కోతలప్పుడు నన్ను హార్వెస్టర్ మీద ఏరే బెల్టు దగ్గర నిలబెట్టారు. దుంపలు కదులుతూ వస్తుంటే మట్టిగడ్డలు, రాళ్లు తీసి అవతల పారేయాలి. వాటితో పాటు తుప్పు పట్టిన ఇనుప పెంకులు, ముళ్లతీగ ముక్కలు, గోళీకాయంత సీసపు గుండ్లు వచ్చేవి. ఆ గుండ్లు ఒక్కో షెల్‌లో వందల కొద్దీ కూరేవారు. చేతిలోకి తీసుకుంటే అంత చిన్నదానికి అంత బరువా అనిపిస్తుంది. ఇక పూర్తి షెల్ గనక కనిపిస్తే బెల్టు ఆపేసేవాళ్లు. మా యజమాని దిగి చూసి, మేర్‌కి, అంటే ఊరి సర్పంచికి ఫోన్ చేస్తే, కొన్నాళ్లకి బాంబుల స్క్వాడ్ వాళ్ల వ్యాన్ వచ్చి పట్టుకెళ్లేది. ముట్టుకోకుండా కబురు చెయ్యడమే రూలు. కానీ కొందరు రైతులు ఇప్పటికీ వాటిని మోసుకొచ్చి రోడ్డు పక్కన కరెంటు స్తంభం మొదట్లో పెట్టేస్తారు. చూసిన మొదటిసారి నాకు గుండె ఆగినంత పనైంది, వాళ్లకి మాత్రం అది చెత్తబుట్ట బయట పెట్టడంతో సమానం. విషవాయువు నింపిన షెల్స్ అయితే కథ వేరు. అలాంటివి దాచిన విమీ డిపో పాతబడిపోయిందని 2001 ఏప్రిల్‌లో చుట్టుపక్కల వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించి, సరుకుని సుయిప్ మిలిటరీ క్యాంపుకి తరలించారు.

మెలి తిరిగిన ఇనుప కడ్డీలు కూడా దొరుకుతాయి. యుద్ధంలో ముళ్లతీగ కట్టడానికి వాటిని నేలలోకి మర లాగా తిప్పి దించేవారు. మా యజమాని ఆవుల దొడ్డి కంచెకి అవే వాడాడు. వందేళ్ల తర్వాత కూడా వంగలేదని మెచ్చుకునేవాడు. శీతాకాలంలో దున్నిన పొలాన్ని ఎత్తు మీద నుంచి చూస్తే గోధుమరంగు మట్టిలో తెల్లటి వంకర గీతలు కనిపిస్తాయి. పైనేమో గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తటి మట్టి, కింద సుద్ద. కందకాలు తవ్వినప్పుడు పైకొచ్చిన సుద్ద ఇన్నేళ్లు దున్నినా కలిసిపోలేదు.

ఇక్కడ మనవాళ్లకి సంబంధించిన ముక్క ఒకటుంది, మన దగ్గర ఎవరూ చెప్పుకోరు. 1916 జూలై 14 సాయంత్రం లాంగ్‌వాల్ ఊరికీ హై వుడ్ అనే అడవికీ మధ్య, కోతకి రాని పంటచేలలోంచి బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూసుకెళ్లింది 20వ దక్కన్ హార్స్. ఆ రెజిమెంట్ పుట్టింది నిజాం కాలంనాటి హైదరాబాద్ కంటింజెంట్‌లోంచి. వాళ్లున్న దళం పేరు సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. సవార్లలో సిక్కులు, జాట్‌లతో పాటు దక్కనీ ముస్లింలు ఉండేవారు. చేలో దాక్కున్న జర్మన్ సైనికుల్ని కొందర్ని పొడిచారు, కొందర్ని పట్టుకున్నారు, మిషన్ గన్ల ముందు గుర్రాలు పడిపోయాయి. రాత్రంతా అక్కడే ఆ చోటు వదలకుండా నిలబడి, తెల్లారేసరికి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ అడవి పూర్తిగా చేతికి రావడానికి సెప్టెంబర్ 15 దాకా పట్టింది. నేను ఆ చేను అంచున నిలబడ్డప్పుడు అందులో గోధుమే ఉంది, నడుం దాకా. మా యజమానికి దక్కన్ హార్స్ అనే పేరు తెలుసు, అది ఏ ఊరిదో తెలియదు. మ్యాప్‌లో సికింద్రాబాద్ చూపించాను. పెరోన్ శివార్లలో లా షాపెలెత్ సమాధుల తోటలో భారతీయ సైనికుల విభాగం ఉంది. ఇంకా ఉత్తరాన నవ్ షాపెల్‌లో 1927లో తెరిచిన స్మారకం మీద సమాధి కూడా దొరకని 4,700కి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి.

యుద్ధానికి ముందు చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1358లో ప్రభువుల మీద రైతులు తిరగబడ్డ జాక్వెరీ మొదలైంది ఇదే పికార్డీ దక్షిణపు అంచున, బోవే వైపు. దాన్ని కొన్ని వారాల్లోనే నెత్తుటిలో ముంచేశారు. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల హక్కులు రద్దయ్యాయి, చర్చి భూములు వేలానికొచ్చాయి. కొన్నది ఎక్కువగా అప్పటికే నాలుగు రాళ్లు వెనకేసుకున్న పెద్ద రైతులూ పట్నం వ్యాపారులూ. ఆ ఊళ్లలో జనం బాగా ఎక్కువగా ఉన్నది 19వ శతాబ్దం మధ్యలో. చలికాలం పొలం పని లేనప్పుడు ఇళ్లల్లో మగ్గాల మీద ఉన్ని మేజోళ్లు, బనియన్లు అల్లేవారు. ఫ్యాక్టరీలు వచ్చాక ఆ పని పోయింది, పనితో పాటు జనమూ పోయారు.

చక్కెర దుంప కథ మాత్రం కొంచెం సావకాశంగా చెప్పాలి, ఆ ప్రాంతం ముఖం మార్చింది అదే. ఇంగ్లండ్‌తో పోరులో కరీబియన్ దీవుల చెరకు చక్కెర రావడం ఆగిపోయేసరికి, 1811 మార్చిలో నెపోలియన్ 32,000 హెక్టార్లలో దుంప వేయమని ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటి ఏడు జనవరిలో దెలెసేర్ అనే ఫ్యాక్టరీ యజమాని పారిస్ పక్కన పాసీలో తెల్లటి చక్కెర తీసి చూపిస్తే, నెపోలియన్ తన కోటు మీదున్న పతకం తీసి అతనికి పెట్టాడు. ఉత్తరాది నేల దుంపకి సరిగ్గా కుదిరింది. కలుపుకీ, మొక్కలు పలచన చేయడానికీ, తవ్వకానికీ బెల్జియం నుంచి కూలీలు గుంపులుగా నడిచి వచ్చేవారు. మా యజమాని తండ్రి, ఎనభై దాటిన పెద్దాయన, తన చిన్నప్పుడు కొట్టంలో ఫ్లెమిష్ కూలీలు, అంటే ఆ బెల్జియం వాళ్లు పడుకునేవారని చెప్పేవాడు. ఒక గింజకి ఒకే మొలక వచ్చే విత్తనం 1960ల తర్వాత వచ్చేసరికి పలచన చేసే పనే లేకుండా పోయింది.

ఇప్పుడెలా ఉందంటే, మా యజమాని సాగు 150 హెక్టార్లు, అంటే 370 ఎకరాలు. పనిచేసేది ఆయనా, ఒక జీతగాడూ, కోతలప్పుడు నాలాంటివాళ్లు ఒకరిద్దరు. గోధుమ, చక్కెర దుంప, బంగాళాదుంప, డబ్బాల్లో నింపి అమ్మే కంపెనీకి బఠాణీ, కొంచెం అవిసె. మంచి ఏడాదిలో గోధుమ ఎకరాకి 35 క్వింటాళ్లు తూగుతుంది, ప్రపంచంలో ఇంత దిగుబడి ఇచ్చే నేలలు చాలా తక్కువ. అవిసె ఇక్కడ గింజ కోసం కాదు, నార కోసం. జూన్‌లో పొద్దున పూట చేనంతా నీలంగా పూస్తుంది, మధ్యాహ్నానికి పూరేకులు రాలిపోయి మళ్లీ పచ్చగా అయిపోతుంది. దాన్ని కోయరు, వేళ్లతో సహా పీకి చేలోనే వరసలుగా పరుస్తారు. వానకీ మంచుకీ ఎండకీ నాని కాడలో నార వదులవుతుంది. రైతు రోజూ వెళ్లి నాలుగు కాడలు విరిచి చూసుకుంటాడు. రెండు రోజులు అటూ ఇటూ అయితే ధర పడిపోతుంది.

సెప్టెంబర్ నుంచి దుంపల సీజన్. చేలన్నిటి అంచున దుంపల గుట్టలు, వాటి మీద మంచు తగలకుండా తెల్లటి గుడ్డ, రోడ్ల మీద బురద, రాత్రీ పగలూ లారీలు. ఫ్యాక్టరీ ఏ గంటకి రమ్మంటే ఆ గంటకి లోడింగ్. తెల్లవారుజామున మూడింటికైనా సరే.

పొలాలు ఇంత నిండుగా ఉంటే ఊరు ఎందుకంత ఖాళీ అని మీకు అనుమానం రావాలి. నా అభిప్రాయం ఏమిటంటే, నేల అంత బాగా పండుతోంది గనకే ఊరు ఖాళీ అయ్యింది. 1960ల్లో కమతాల ఏకీకరణ చేసి చిన్న చెక్కలన్నీ కలిపేశారు, గట్లూ పొదలూ తీసేశారు, యంత్రాలొచ్చాయి. దేశంలో 1970లో 16 లక్షల సేద్యపు కుటుంబాలుంటే, 2020 లెక్కలకి నాలుగు లక్షల లోపు మిగిలాయి. మా ఊళ్లో నిజంగా సేద్యం చేసేది మూడిళ్లే. మిగతావాళ్లు అమియాన్‌లోనో, గిడ్డంగుల్లోనో పనిచేస్తూ ఇల్లు చవక అని అక్కడ ఉంటారు. ఆ పీఠభూమి మధ్యలో, చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేనిచోట హైస్పీడ్ రైలు స్టేషన్ ఒకటి కట్టారు, జనం దాన్ని దుంపల స్టేషన్ అని ఎగతాళి చేస్తారు.

నాలుగూళ్లు కలిసి ఒక స్కూలు నడుపుతాయి. ఒకటో రెండో తరగతులు ఈ ఊళ్లో, మిగతావి పక్క ఊళ్లో, మధ్యలో బస్సు. చర్చిలో పూజ నెలకోసారి జరిగితే గొప్ప, ఫాదర్ ఒక్కరే ఇరవై పైచిలుకు ఊళ్లు చూసుకోవాలి. చర్చి భవనం మాత్రం పంచాయతీ ఆస్తి, పైకప్పు కారితే మేర్ నెత్తిన పడుతుంది. మా మేర్ కూడా రైతే, వానరోజున అయితే తప్ప ఆఫీసులో దొరకడు. బ్రెడ్డుకి మేరీ పక్కన మిషన్ పెట్టారు. నాణెం వేస్తే వెచ్చటి బాగెత్ బయటికొస్తుంది. పెద్దాయనకి ఆ మిషన్ అంటే మంట. బ్రెడ్డు కొనడం కన్నా బేకరీ ముందు పదినిమిషాలు కబుర్లాడటం ఆయనకి ముఖ్యం మరి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది కౌలు. మా నాన్న తెనాలి దగ్గర కౌలు రైతు. ఎకరాకి ఇన్ని బస్తాలని నోటిమాట, వచ్చే ఏడు పొలం ఉంటుందో లేదో ఆసామి దయ. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం కూడా 11 నెలల ఒప్పందమే ఇచ్చింది, దానికీ ఆసామి సంతకం కావాలి. పికార్డీలో కూడా భూమిలో ఎక్కువ భాగం కౌలుదే, మా యజమాని సొంతం నాలుగో వంతు కూడా ఉండదు. కానీ 1945, 46ల్లో వచ్చిన కౌలు చట్టం ప్రకారం ఒప్పందం కనీసం 9 ఏళ్లు, గడువు అయ్యాక దానంతటదే కొనసాగుతుంది. ఆసామి తానో తన పిల్లలో స్వయంగా దున్నుకుంటామంటే తప్ప మామూలుగా తీసుకోలేడు. కౌలు ఎంత ఉండాలో జిల్లా అధికారి ఖరారు చేసిన హద్దుల్లోనే. భూమి అమ్మకానికి పెడితే కొనే మొదటి హక్కు కౌలుదారుది, కౌలు హక్కు కొడుకుకో కూతురుకో అప్పజెప్పొచ్చు. యూరోపియన్ యూనియన్ సబ్సిడీ దున్నేవాడి ఖాతాలోకే పోతుంది. మా యజమాని కట్టేది ఎకరాకి 70 యూరోల పైచిలుకు, మన డబ్బుల్లో ఆరేడు వేలు. అక్కడ కూడా 1995 దాకా కౌలుని గోధుమ క్వింటాళ్లలోనే లెక్కపెట్టేవారని తెలిసినప్పుడు, మా నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, ‘మరి ఆసాములు ఊరుకున్నార్రా?’

ఊరుకోలేదు, ఊరుకోరు కూడా. అంత గట్టి హక్కు ఉన్నచోట దానికి బ్లాకులో ధర పుట్టింది. పొలం చేతులు మారేటప్పుడు పాత కౌలుదారుకి కొత్తవాడు చాటుగా ఇచ్చే సొమ్ముని ఉత్తరాదిలో షాపో అంటారు. చట్టరీత్యా నేరం, అయినా అందరికీ రేటు తెలుసు. సొంత కుటుంబంలో సేద్యం లేని కుర్రాడు కొత్తగా రైతు కావడం అక్కడ దాదాపు కుదరని పని.

అంతా బాగుందని కాదు. ఎవరెంత చక్కెర తీయాలో చెప్పే యూరోపియన్ యూనియన్ కోటాలు 2017లో ఎత్తేశాక ధర పడిపోయింది, పెద్ద కంపెనీ ఒకటి 2020లో ఎప్‌విల్ ఫ్యాక్టరీ మూసేసింది. అదే ఏడు పేనుబంక తెచ్చిన పసుపు తెగులుకి దుంపచేలు పచ్చబారి పాడైపోయాయి. దాన్ని ఆపే మందుని 2018లోనే నిషేధించారు. 2024లో వానలకి దేశం మొత్తం మీద గోధుమ 1980ల తర్వాత ఎన్నడూ లేనంత తగ్గింది. అంతకు ముందు చలికాలంలో ఊరి పేరు బోర్డులు తలకిందులుగా వేలాడదీసి నిరసన తెలిపారు, జనవరిలో ట్రాక్టర్లతో హైవేలు ఆపేశారు. రైతు ఆత్మహత్యలు అక్కడా ఉన్నాయి, ఎవరూ గట్టిగా మాట్లాడరు. గాలిమరలు పెట్టిన రైతుకి అద్దె వస్తుంది, పక్కింటివాడికి చప్పుడు వస్తుంది, ఇద్దరూ పలకరించుకోరు. అదెక్కడైనా ఉండేదే.

మనుషుల సంగతి అడిగారు కాబట్టి: మొదట్లో ముభావంగా ఉంటారు. ఎన్నికల్లో వలసల్ని వ్యతిరేకించే లె పెన్ పార్టీకి ఓట్లు బాగానే పడే ప్రాంతం, నేనూ కొంచెం టెన్షన్‌తోనే వెళ్లాను. నాతో ఎవరూ తేడాగా మాట్లాడలేదు, అలాగని మొదటి నెలలో ఎవరూ ఇంటికి పిలవనూ లేదు. కోతల్లో కలిసి పనిచేశాక పిలుపులు మొదలయ్యాయి. మాంసం తిననని చెబితే యజమాని భార్య ఉల్లికాడల్లాంటి లీక్ కాడలూ మీగడా పెట్టిన ఫ్లామిష్ అనే వంటకం చేసేది, మిరియాలు ఎక్కువ వేయమని మాత్రం అడగాల్సి వచ్చేది. ఏడాదికోసారి ఊరంతా ఇళ్ల ముందు పాత సామాన్లు పరిచి అమ్మే రెదెరీ జరుగుతుంది. ఆ రోజు తెల్లవారుజామున టార్చి లైట్లతో బేరాలాడే జనాన్ని చూస్తే ఆ ఊళ్లో ఇంతమంది ఉన్నారా అనిపిస్తుంది. సగం మంది పక్క ఊళ్లవాళ్లే అనుకోండి.

చూడాలనుకుంటే పారిస్ నుంచి అమియాన్‌కి, అక్కణ్నుంచి అల్బేర్‌కి రైలు ఉంది. అల్బేర్ నుంచి కారో సైకిలో కావాలి, పల్లెలకి బస్సుల్ని నమ్ముకోవద్దు. పెరోన్‌లో యుద్ధ మ్యూజియం, తియెప్‌వాల్ స్మారకం, లాంగ్‌వాల్ మూడూ ఒక్కరోజులో అయిపోతాయి. అవిసె పూలు చూడాలంటే జూన్‌లో పొద్దున్నే, దుంపల హడావుడి చూడాలంటే అక్టోబర్‌లో రబ్బరు బూట్లతో వెళ్లండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఎవరి తలుపూ కొట్టకండి, భోజనం వేళ. పొలాల అంచున నడిచేటప్పుడు తుప్పు పట్టిన ఇనుము ఏది కనిపించినా ముట్టుకోవద్దు, మేరీలో చెప్పండి. మేరీ వారానికి రెండు పూటలే తెరుస్తారు, మూసి ఉంటే నేరుగా 17కి ఫోన్ చేస్తే పోలీసులు చూసుకుంటారు.